క్రియాటినిన్ 97

ఇంగ్లండులో మామూలు వీధి డాక్టరు క్లినిక్‌ని సర్జరీ అంటారు. జలుబు చేసినా అక్కడికే, కాలు బెణికినా అక్కడికే. ఆ ముక్క చెప్పకుండా ఓసారి ఫోన్లో అమ్మతో "రేపు పొద్దున్న సర్జరీ ఉందమ్మా, తర్వాత చేస్తా" అనేసి పెట్టేశాను. పది నిమిషాల్లో సోంపేట నుంచి మావయ్య ఫోను. "ఏటయిందిరా? దేనికి ఆపరేషను?"

నవ్వుకోవచ్చు గానీ మా వాళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. బయటివాళ్ళకి ఉద్దానం అంటే కొబ్బరి తోటలు, జీడి తోటలు. మాకు కిడ్నీ జబ్బు. నాన్న దాంతోనే పోయాడు, పెదనాన్న కూడా అంతే. నాన్నకి షుగర్ లేదు, బీపీ కూడా జబ్బు ముదిరాకే వచ్చింది. ఎందుకొస్తుందో, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

అందుకే ఇంగ్లండులో ఉద్యోగం వచ్చినప్పుడు నేను మొదట అనుకున్నది, ఏడాదికోసారి కిడ్నీ పరీక్ష చేయించుకోవచ్చు కదా అని. వీసాకే హెల్త్ సర్‌చార్జి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు. నాకూ మా ఆవిడకీ మూడేళ్ళకి కలిపి 6,210 పౌండ్లు ముందే కట్టించుకున్నారు. అంత కట్టాక డాక్టరు ఫీజు లేదులెండి, క్లినిక్‌లో పేరు రాయించుకోవడం కూడా సులువే. కష్టమంతా అపాయింట్‌మెంటు దగ్గర. పొద్దున్న సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్ కొట్టాలి, "మీరు క్యూలో 23వ వారు" అని చెప్పి పాట పెడతారు, మన వంతు వచ్చేసరికి ఆ రోజు ఖాళీలు అయిపోయుంటాయి, రేపు మళ్ళీ ఎనిమిదింటికి చెయ్యమంటారు.

దొరికినా పది నిమిషాలే. మొదటిసారి జ్వరం, గొంతు నొప్పితో వెళ్తే వైరస్ అన్నారు, పారాసెటమాల్ వేసుకుని నీళ్ళు బాగా తాగమన్నారు. నీళ్ళు తాగమని చెప్పడానికా 6,210 పౌండ్లు! అక్కడి తెలుగువాళ్ళం శనివారం ఎవరింట్లో కలిసినా ఇదే తిట్టుకుంటాం. అందరి సూట్‌కేసుల్లోనూ ఊరినుంచి తెచ్చుకున్న అజిత్రోమైసిన్ యాంటీబయోటిక్ పట్టీలు ఉంటాయి, నా దాంట్లోనూ ఉండేవి. నీళ్ళు తాగితే నాలుగు రోజుల్లో జ్వరం తగ్గింది. ఆ మాట మాత్రం శనివారం ఎవరితోనూ అనలేదు.

కిడ్నీ పరీక్ష అడిగితే మొదటి డాక్టరు అవసరం లేదన్నాడు. నాకు 34 ఏళ్ళు, షుగర్ లేదు, బీపీ లేదు, కంప్యూటర్లో అలాగే ఉంది. ఆర్నెల్లాగి మళ్ళీ వెళ్తే ఇంకో డాక్టరు, మళ్ళీ మొదట్నుంచీ చెప్పుకోవాలి, చెప్పేసరికి పది నిమిషాలూ అయిపోతాయి. నాకు అసలు కోపం ఇదే. పారాసెటమాల్ ఇచ్చినందుకు కాదు, వెళ్ళిన ప్రతిసారీ కొత్త మొహం ఉన్నందుకు.

మూడోసారి వెళ్ళినప్పుడు ఒకావిడ ఉంది. ఉద్దానం అంటే తనకి తెలీదని నేరుగా చెప్పేసింది. స్పెల్లింగ్ అడిగి, నా ముందే కంప్యూటర్లో వెతికి చదివింది. మధ్య అమెరికాలో చెరకు కొట్టే కూలీలకి కూడా కారణం తేలని ఇలాంటి జబ్బే వస్తుందంది. "మీ ఇంట్లో ఎంతమందికి? వాళ్ళు ఏం పని చేసేవాళ్ళు?" అప్పటిదాకా ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. రక్తపరీక్షా మూత్రపరీక్షా రాసి, ఇంకేమైనా మాత్రలు వాడుతున్నావా అంది. నడుం నొప్పికి ఊరినుంచి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ గురించి చెప్పాను. అవి కిడ్నీకి మంచివి కావు, మీ ఇంటి చరిత్రకి అసలు వద్దు, ఈరోజే ఆపెయ్యి అంది. ఇవన్నీ ఆ పది నిమిషాల్లోనే.

రిజల్టు డాక్టరు కంటే ముందు నా ఫోన్లో యాప్‌లోకి వచ్చింది. సాయంత్రం ఏడు, క్లినిక్ ఆరున్నరకే మూసేశారు. క్రియాటినిన్ 97.

క్రియాటినిన్ అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగిందంటే కిడ్నీ సరిగా పనిచెయ్యట్లేదని. మా ఊళ్ళో పిల్లల్ని అడిగినా చెప్తారు, 1.2 దాకా పర్లేదు, 5 దాటిందంటే డయాలసిస్‌కి పలాస బండెక్కే రోజు దగ్గరపడినట్టే. 97 అనే అంకె నేనెప్పుడూ వినలేదు. బుద్ధి లేక స్క్రీన్‌షాట్ అక్కకి పెట్టాను. అక్క అమ్మకి చూపించింది. ఊళ్ళో అర్ధరాత్రి, అమ్మ ఏడుపు, నాకు చేతులు వణుకు. చివరికి శ్రీకాకుళంలో నర్సింగ్ చదువుతున్న మేనల్లుడు ఫోన్ అందుకుని, "మావయ్యా, కింద యూనిట్ చూడు" అన్నాడు. ఇంగ్లండులో మైక్రోమోల్స్‌లో ఇస్తారు, మన దగ్గర మిల్లీగ్రాముల్లో. 88.4 తో భాగిస్తే మన లెక్క వస్తుంది. 1.1.

మర్నాడు క్లినిక్ నుంచి మెసేజ్: నార్మల్, ఏమీ చెయ్యక్కర్లేదు. సరే బాబూ, అదేదో నిన్ననే చెప్పుంటే మా వీధి నిద్రపోయేది.

ఇప్పుడు నెల రోజుల సెలవు మీద ఊళ్ళో ఉన్నాను. మొన్న అమ్మకి మోకాలు నొప్పంటే ఆరెంపీ డాక్టరు బండి మీద వచ్చాడు. అరుగు మీద కూర్చుని, టీ తాగి, నాన్నని తలుచుకున్నాడు, మా ఆవిడ ఎలా ఉందని అడిగాడు. డబ్బులు జీడిపిక్కలు అమ్మాక ఇచ్చినా ఏమనడు. అలా మాట్లాడుతూనే సూది తీశాడు. ఏం ఇంజెక్షనని అడిగితే చూపించాడు. డైక్లోఫెనాక్! నాన్న చివరి రోజుల్లో పలాస తీసుకెళ్ళింది కూడా ఈయనే. మా ఇంట్లో ఎవరు దేంతో పోయారో ఈయనకి తెలిసినంత మాక్కూడా తెలీదు, కాకపోతే అదంతా ఆయన బుర్రలోనే ఉంది, కాగితం మీద ఒక్క ముక్క లేదు.

అక్కడావిడ చెప్పినదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "తెలుసు బాబూ. కానీ నొప్పితో మీయమ్మ తోటకి ఎలా వెళ్తాది? వెళ్ళకుండా ఉంటాదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. సూది మాత్రం వద్దన్నాను.

మర్నాడు అమ్మని పలాస తీసుకెళ్ళాను. అక్కడ 2023 డిసెంబర్లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, పక్కనే పరిశోధన కేంద్రం. రిపోర్టు చేతికి వచ్చాక అమ్మకి చదివి చెప్పాను, 0.9 అని.

"అదే మీ లండన్ లెక్కలో ఎంతరా?"

"ఎనభై."

"నీకంటే తక్కువే" అని బస్సు దిగేదాకా నవ్వుతూనే ఉంది.