షెఫ్ అడిగిన ప్రశ్నలు

డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడి ఇంట్లో నిన్న రాత్రి నలుగురం కలిసి, అతడు భద్రంగా దాచుకున్న పాత నింటెండో 64 అనే వీడియో గేమ్ యంత్రం మీద 'సౌత్ పార్క్: షెఫ్స్ లవ్ షాక్' ఆడాము. 1997లో అమెరికా టీవీలో మొదలైన వ్యంగ్య కార్టూన్ ధారావాహిక ఆధారంగా అక్లెయిమ్ సంస్థ 1999లో విడుదల చేసిన ఈ క్విజ్ ఆటలో, ధారావాహికలో బడి వంటవాడిగా కనిపించే షెఫ్ ప్రశ్నలు అడుగుతాడు. ధారావాహికలోని నలుగురు కుర్రాళ్ళు స్టాన్, కైల్, కార్ట్‌మన్, కెన్నీలలో ఒక్కొక్కరిని ఎంచుకొని మనం పోటీలో దిగాలి. షెఫ్ పాత్రకు గొంతునిచ్చిన గొప్ప సోల్ (అమెరికా నల్లజాతీయుల సంగీత శైలి) గాయకుడు ఐజాక్ హేస్ 2008లో కన్నుమూశారు. అందుకే ఆ గంభీరమైన కంఠం వినబడిన ప్రతిసారీ నా మనసు కాసేపు అక్కడే ఆగిపోయింది.

ఇందులో జవాబు తెలిసి ఉండటం ఒక్కటే చాలదు. ముందుగా మీట నొక్కిన వారికే చెప్పే అవకాశం దక్కుతుంది కాబట్టి, చిన్నప్పుడు బడిలో క్విజ్ పోటీలకు వెళ్ళి నింపాదిగా ఆలోచించడం నేర్చుకున్న నేను, తెలిసిన జవాబులను సైతం తమ్ముడికి వదులుకోవలసి వచ్చింది. ప్రశ్నల మధ్య వచ్చే చిన్న ఆటలు మాత్రం నాకు అంతగా రుచించలేదు. హాస్యం పెద్దలకే తగినది కనుక పిల్లలు నిద్రపోయాకే మొదలుపెట్టాము. నాలుగు కంట్రోలర్ల తీగలు చిక్కుపడేంత దగ్గరగా, ఒకే తెర ముందు, అన్నదమ్ములం భుజాలు ఆనించుకొని కూర్చొని ఎన్నేళ్ళయిందో! ఆట ముగిసేసరికి ఒంటిగంట దాటింది. అయినా తమ్ముడు మరో ఆట మొదలుపెడితే నేను సంతోషంగా కార్ట్‌మన్‌నే ఎంచుకున్నాను.