ప్రెస్‌ని ఒలింపిక్స్‌లోంచి ఎందుకు తీసేశారో నా నడుం చెప్పింది

మొన్న సోమవారం జిమ్ములో ఓవర్‌హెడ్ ప్రెస్ (భుజాల మీంచి బార్‌ని తల పైకి లేపడం) కొడుతున్నా, 45 కేజీలు, నాలుగోసారి లేపేటప్పటికి బార్ సరిగ్గా నుదుటి దగ్గర ఆగిపోయింది, ఇంకేం చేస్తాం, నడుం వెనక్కి విరిచి ఛాతీతో తోసేశా, లేచింది. బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్న మాస్టారు (రిటైరైపోయినా ఎంవీపీ కాలనీ నుంచి రోజూ స్కూటర్ మీద వచ్చేస్తారు) "అలా చేసే కదరా దాన్ని ఒలింపిక్స్‌లోంచి పీకించేశారు" అన్నారు.

నాకు తెలిసిన వెయిట్‌లిఫ్టింగ్ అంటే స్నాచ్ (నేల మీంచి ఒక్క ఊపులో తల మీదకి), క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదకి, అక్కణ్ణుంచి కాళ్ల ఊపుతో పైకి), అంతే. మన శ్రీకాకుళం అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 110, 130 ఎత్తి కాంస్యం తెచ్చింది కూడా ఆ రెండిట్లోనే. కానీ మగాళ్ల పోటీల్లో 1928 ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 1972 మ్యూనిక్ దాకా ప్రెస్ అని మూడోది కూడా ఉండేది. బార్ భుజాల మీదకి తెచ్చుకుని కదలకుండా నిలబడాలి, రిఫరీ సిగ్నల్ ఇచ్చాక మోకాళ్లు వంచకుండా చేతుల బలంతోనే పైకి లేపాలి, జర్క్‌లో ఉన్నట్టు కాళ్ల ఊపు ఉండదు.

రూలు బానే ఉంది, పాటించేదెవరు? ముందు కొంచెం వెనక్కి వాలారు, తర్వాత తుంటి ముందుకి విసిరి ఒళ్లంతా విల్లులా వంచేసి కొట్టడం మొదలెట్టారు. ఎంత వాలితే ఫౌలో ముగ్గురు రిఫరీలకీ ఒక మాట కుదిరేది కాదు. మ్యూనిక్‌లో సోవియట్ లిఫ్టర్ అలెక్సేయెవ్ ప్రెస్ 235 కేజీలు, జర్క్ 230! కాళ్ల ఊపు ఉన్నదానికంటే లేనిదే ఎక్కువంటే ఆ ప్రెస్ ఎలాంటి ప్రెస్సో మీరే ఆలోచించండి (మనిషి మాత్రం రాక్షసుడు, మొత్తం 640తో గోల్డ్ కొట్టాడు). తీర్పు చెప్పడం కుదరట్లేదు, పైగా నడుములు పోతాయని భయం, ఆ ఏడాదితోనే ఎత్తేశారు.

ఎలకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది అంటారు మాస్టారు, రూలు గట్టిగా పెట్టుకోవాలి గానీ లిఫ్ట్ ఏం చేసిందని. నేనూ అదే అనేవాణ్ణేమో, మంగళవారం పొద్దున్న బాత్రూంలో బకెట్ ఎత్తబోయి అలాగే వంగిపోయి ఉండిపోకపోతే. రెండ్రోజులు అమ్మతో జండూబామ్ రాయించుకున్నా.

ఇవాళ మళ్లీ వెళ్లా. మాస్టారు మడమలు కలిపి నిలబడమన్నారు, బార్‌కి 30 కేజీలే వేయించి నా నడుం వెనకాల బెత్తెడు దూరంలో అరచెయ్యి పెట్టారు. ఆరోసారి లేపేటప్పుడు నడుముకి ఆయన చెయ్యి తగిలింది.

"అయిపోయింది, దించెయ్" అన్నారు.