అర్జునుడు తన స్వభావం గురించి చెప్పిన ఒక్క మాట

మీ వ్యక్తిత్వాన్ని నాలుగు మాటల్లో చెప్పండి అంటే చదువు, ఉద్యోగం, సాధించిన పనులు వెంటనే నోటికి వస్తాయి. స్వభావం దగ్గరకు వచ్చేసరికి తడుముకుంటాం. భగవద్గీత రెండో అధ్యాయం ఏడో శ్లోకంలో అర్జునుడు తడుముకోలేదు.

"కార్పణ్యదోషోపహతస్వభావః
పృచ్ఛామి త్వాం ధర్మసమ్మూఢచేతాః"

దైన్యమనే దోషం నా స్వభావాన్ని దెబ్బతీసింది, ధర్మమేదో తోచడం లేదు, నిన్ను అడుగుతున్నాను అన్నాడు. చెప్పుకోవడానికి ఆయనకు ఘనతలు లేకనా? విరాటపర్వంలో ఉత్తరుడు నువ్వు అర్జునుడివేనని నమ్మేదెలా అని అడిగితే విజయుడు, ధనంజయుడు, సవ్యసాచి అంటూ పది పేర్లూ చెప్పి, ఏ పేరు ఎందుకు వచ్చిందో కూడా వివరించాడు. కృష్ణుడి ముందు వాటిలో ఒక్కటీ ఎత్తలేదు. అంతవరకూ కులక్షయమనీ, పాపమనీ ఎంతో వాదించినవాడు ఇక్కడ వాదన వదిలేశాడు. "శిష్యస్తేఽహం శాధి మాం త్వాం ప్రపన్నమ్" అని శరణు కోరాడు. ఆ తరువాతే, 11వ శ్లోకంలో, ఉపదేశం మొదలైంది.

నేను పిరికివాణ్ణి అని అర్జునుడు అనలేదు, గమనించండి. దోషం వచ్చి తాకిందన్నాడు. నన్ను బాగా కదిలించేది ఇదే. మనమైతే ఒక్క చెడ్డరోజు చూసి నేనింతే, నా బతుకింతే అని తీర్పు చెప్పేసుకుంటాం.

పదహారో అధ్యాయంలో కృష్ణుడు అభయంతో మొదలుపెట్టి దైవీసంపదలోని 26 గుణాలను చెప్పాడు. ఆ వెంటనే ఆసురీ గుణాలను కూడా చెప్పి, అర్జునుడు వాటిని తనకు అన్వయించుకుని బాధపడతాడేమోనని "మా శుచః" అన్నాడు. దుఃఖించకు, నువ్వు దైవీసంపదతో పుట్టినవాడివి అని! స్వభావం దెబ్బతిన్నదని చెప్పుకున్నవాడికే ఆ మాట. మన గురించి మనకు తెలిసినదానికన్నా ఆయనకు ఎక్కువ తెలుసు.

అందుకే సంకల్పంలో గోత్రం, పేరు చెప్పుకున్నాక, ఆ పూట మనసు ఎలా ఉందో కూడా స్వామికి విన్నవించుకోవడం నాకు ఇష్టం. కోపం ఉంటే కోపమని, అసూయ ఉంటే అసూయ అని. అది తప్పొప్పుల జాబితా కానక్కర్లేదు, ఒక్క మాట చాలు.

పద్దెనిమిదో అధ్యాయం 73వ శ్లోకంలో అర్జునుడు మళ్లీ తన గురించి చెప్పుకున్నాడు. "స్థితోఽస్మి గతసందేహః", సందేహం తీరి నిలిచాను. అప్పుడు కూడా బిరుదులేవీ చెప్పుకోలేదు. "కరిష్యే వచనం తవ", నువ్వు చెప్పినట్టే చేస్తాను అన్నాడు.