దూలాల టేకుతో సొరుగుల బీరువా చేయించుకున్నాను

మా అత్తగారి ఊళ్ళో పెంకుటిల్లు విప్పేసినప్పుడు తలుపుల కోసం, ద్వారబంధాల కోసం చుట్టాలంతా పోటీపడ్డారు. దూలాల వైపు ఎవరూ చూడలేదు. నేను అడిగి మూడు దూలాలు కాకినాడ తెప్పించుకున్నాను. పైకి మసి, సున్నం, సాలెగూళ్ళు. వడ్రంగి మేస్త్రి గారు బాడిసతో ఓ మూల చెక్కి చూస్తే లోపల తేనెరంగు చేవ. "ఆయ్, రంగూన్ టేకేనండి. గుమ్మాలకి వాడి పాడుచెయ్యకండమ్మా" అన్నారు. గోదావరి జిల్లాల పాత ఇళ్ళలో ఓడలెక్కి వచ్చిన బర్మా టేకు చాలాచోట్ల ఉంది. రంగూన్‌దైనా మన అడవిదైనా, తరాల తరబడి ఇంటికప్పు కింద ఆరిన కలప. అడితిలో ఎంత డబ్బు పోసినా అంత ఆరిన కొత్త కలప దొరకదు.

కోత మిల్లువాళ్ళు మేకులున్న దూలాన్ని ముట్టుకోరు. ఒక్క మేకు తగిలినా బ్లేడు పళ్ళు పోతాయి. మేస్త్రి గారు పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని దూలం పొడవునా నడిపి, అది లాగినచోటల్లా ఉలితో తవ్వి మేకులు పీకారు. ఇనుము ఉన్నచోట టేకు నల్లగా మారిపోతుంది. ఎంత చిత్రిక పట్టినా ఆ మచ్చ పోదు. మచ్చలున్న చెక్కలు వెనక్కి వేస్తానన్నారాయన. నేను ముందుకే వేయించాను. పాత కలప వాడి అది పాతదని తెలియకుండా చేయడమెందుకు?

కొలతల దగ్గర మాత్రం చాలా వాదించుకున్నాం. సొరుగులన్నీ ఒకే ఎత్తులో ఉంటే అందంగా ఉంటుందని ఆయన, లోపల పెట్టేవాటిని బట్టి ఉండాలని నేను. మడతపెట్టిన పట్టుచీరలు, దుప్పట్లు, పిల్లల స్వెటర్లు, కాగితాల ఫైళ్ళు అన్నిటికీ టేపు పెట్టి రాసుకున్నాను. పై వరసలో పక్కపక్కనే రెండు చిన్న సొరుగులు, ఎత్తు 5 అంగుళాలు. వాటి కింద 7, 8, 10 అంగుళాల పెద్దవి. కాళ్ళతో కలిపి బీరువా ఎత్తు 39 అంగుళాలు. బజార్లో రెడీమేడ్‌గా దొరికేవాటిలో దుప్పటి సరిగ్గా పట్టే సొరుగు నాకు కనబడలేదు. ఈ తంటా అంతా అందుకే.

ఇక చానెళ్ళ గొడవ. అంటే సొరుగు జారడానికి పక్కల బిగించే ఇనుప పట్టాలు. ఇనుప చానెల్ అసలే వద్దు, కొయ్య పట్టీల మీదే సొరుగు జారాలని నా పట్టుదల. మేస్త్రి గారు వాదించకుండా ఓ ఖాళీ అట్టపెట్టె తెచ్చి, రెండు ఇటుకల మధ్య పెట్టి ఒక పక్క మాత్రమే పట్టుకుని లాగమన్నారు. అది మూలగా తిరిగి బిగుసుకుంది. లోతు కన్నా వెడల్పు ఎక్కువున్న సొరుగు కొయ్య పట్టీల మీద ఇలాగే మొరాయిస్తుందట. నా పెద్ద సొరుగుల వెడల్పు 42 అంగుళాలు, లోతు 18. చివరికి పై రెండింటికే కొయ్య పట్టీలు, కింది మూడింటికీ ఒకదానిలోంచి ఒకటి సాగే టెలిస్కోపిక్ చానెళ్ళు అని రాజీకొచ్చాం. చానెల్‌కి ఒక్కో పక్క అర అంగుళం కావాలి కాబట్టి, సొరుగు పెట్టె వెడల్పు అది కూర్చునే ఖాళీ కన్నా అంగుళం తక్కువగా ఉండాలి. చానెళ్ళు కొని చేతికిచ్చేదాకా ఆయన ఆ సొరుగుల చెక్క కొయ్యలేదు.

చట్రమంతా కుసులు (చెక్క చివర చెక్కిన నాలుకలు), అవి దిగే బెజ్జాలు, ఫెవికాల్‌తోనే బిగించారు. పైపలకను మాత్రం అంటించలేదు. వానాకాలం తేమకి కొయ్య వెడల్పు వైపు ఉబ్బుతుంది, ఎండలకి ముడుచుకుంటుంది. పొడవు వైపు దాదాపు కదలదు. గట్టిగా బంధిస్తే పలక ఏదో ఓ ఎండాకాలం చీలుతుంది. అందుకని కింద నుంచి కోలగా తొలిచిన రంధ్రాల్లో స్క్రూలు వేశారు. పలక తన మానాన తను కదులుతుంది. సొరుగు అడుగున వేసిన ప్లైవుడ్ కూడా గాడిలో వదులుగానే కూర్చుంది.

పాలిష్ బయటకే, అదీ లక్క పాలిష్. లోపల గరుకు కాగితంతో నున్నగా రుద్దించి వదిలేయించాను. మూసి ఉండే సొరుగులో పాలిష్ వాసన నిలిచి చీరలకు పడుతుందేమోనని నా భయం. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి పట్టుచీరలు నూలుగుడ్డలో చుట్టి పెడుతున్నాను. నాఫ్తలీన్ ఉండలకు బదులు వట్టివేళ్ళు వేశాను. అది మా అమ్మ పద్ధతి.

మొదటి వానలకే పైనున్న ఎడమ సొరుగు బిగిసింది. మేస్త్రి గారికి ఫోన్ చేస్తే, "చిత్రిక పట్టించకండమ్మా, ఎండాకాలానికి లొడలొడలాడుద్ది. కొవ్వొత్తి రుద్దండి చాలు" అన్నారు. రుద్దాను. కాస్త గట్టిగా లాగితే వస్తోంది.