120 రోజుల తర్వాత డబ్బొచ్చే ఆర్డరు

బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న ఇంజనీరింగ్ కంపెనీలకు ఫైనాన్స్ వ్యవహారాలు చూడటం నా పని. అక్కడి ఓనర్లు లేత్ మీద మైక్రాన్ల తేడాను కూడా పట్టేస్తారు. ఆర్డరు దగ్గరికొచ్చేసరికి మాత్రం "మార్జిన్ ఎంత?" అని అడిగి ఆగిపోతారు. డబ్బు ఎన్నాళ్లకు చేతికొస్తుందన్నది కూడా ధరలో భాగమేనని నేను పోరుతూనే ఉంటాను.

ఏడాదికి కోటి రూపాయల చొప్పున రెండు ఆర్డర్లు వచ్చాయనుకోండి. ఒకదాంట్లో మిగిలేది 10 శాతం, డబ్బు 120 రోజులకు. రెండోదాంట్లో 8 శాతమే, కానీ 30 రోజులకే. చాలామంది మొదటిదానికే మొగ్గుతారు. దాని బిల్లుల్లో ఎప్పుడు చూసినా 33 లక్షల దాకా ఇరుక్కుని ఉంటుంది. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) వడ్డీ 12 శాతం వేసుకుంటే ఏడాదికి దాదాపు 4 లక్షలు పోయి 6 లక్షలే మిగులుతాయి. రెండోదానికి వడ్డీ లక్ష, మిగులు 7 లక్షలు. పైగా 25 లక్షల దాకా ఇరుక్కోకుండా ఉంటుంది. కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మెషీన్ లోనుకు బ్యాంకు అడిగే మార్జిన్ మనీ, అంటే మన వాటా సొమ్ము, అందులోంచే పెట్టుకోవచ్చు.

బ్యాంకులు సాధారణంగా 90 రోజులు దాటిన బిల్లులకు డ్రాయింగ్ పవర్ ఇవ్వవు, అంటే వాటిని చూపి ఓడీ వాడుకోనివ్వవు. 120 రోజుల ఆర్డరులో ఆ చివరి నెల భారమంతా సొంత డబ్బు మీదే. జీతాల దగ్గర ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

నిజానికి చట్టం చిన్న తయారీదారు వైపే ఉంది. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. కానీ ఆ సెక్షన్ చూపిస్తే కస్టమర్ జారిపోతాడని ఓనర్ల భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకే చిన్న కంపెనీల బిల్లుల మీద డబ్బిప్పించే ఆన్‌లైన్ వేదిక ట్రెడ్స్‌లో చేరమంటాను. అక్కడ మన సరుకు కొన్న కంపెనీ బిల్లును ఒప్పుకుంటే చాలు, బ్యాంకులు పోటీపడి దాన్ని డిస్కౌంట్ చేస్తాయి, అంటే వడ్డీ పట్టుకుని మిగతా డబ్బు ముందే ఇస్తాయి. వడ్డీ రేటు కొన్నవాడి పరపతిని బట్టి ఉంటుంది, రేపు వాడు కట్టకపోయినా బ్యాంకు మన మీదికి రాదు.

వీటన్నిటికంటే ముందు నేను మార్పించేది మార్కెటింగ్ వాళ్ల ఇన్సెంటివ్‌ని. బిల్లు కొట్టిన రోజు కాదు, డబ్బు ఖాతాలో పడిన రోజే వాళ్లకు ఇన్సెంటివ్ ఇవ్వాలి. అప్పుడు క్రెడిట్ రోజుల గురించి కస్టమర్‌తో బేరమాడేది వాళ్లే.