మా తమ్ముడిని ఆసుపత్రికి చేర్చడానికి మూడు నెలలు పట్టింది

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. అక్కని అప్ప అంటాం. తమ్ముడు డిప్లొమా రెండో ఏడులో ఉండగా రాత్రుళ్లు నిద్రపోవడం మానేశాడు. సెల్‌ఫోన్ కెమెరా మీద దెబ్బలకేసే ప్లాస్టరు అంటించాడు. ఒకరోజు మంచమెక్కి ఫ్యాను రెక్కలు ఊడదీస్తున్నాడు. "అప్పా, ఇందులోంచే మాట్లాడుతున్నారు, నీకు వినపడట్లేదా?" అన్నాడు. చేతులనిండా గ్రీజు, వెన్నంతా చెమట. అబద్ధమాడే పిల్లాడి ముఖం కాదది.

గుంటడికి గాలి సోకిందన్నారు. అమ్మ మజ్జిగౌరమ్మకు మొక్కుకుంది, నేను వద్దనలేదు. తాయెత్తులతోనే నెలలు గడిచాయి. మధ్యలో ఒక డాక్టరు పరీక్షల ఒత్తిడని నిద్రమాత్రలు రాసి పంపేశాడు. వాడు తాగే గంజాయి సంగతి ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. చెబితే పోలీసులొస్తారని నాన్న భయం. కొరాపుట్, మల్కన్‌గిరి కొండల్లో పండే సరుకు మా ఊరి పిల్లలకు దొరకడం కష్టమేమీ కాదు. "ఆకే కదా, మందు కంటే నయం" అనుకుంటారు వాళ్లు.

చివరికి టెలి మానస్‌కి, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేశాను. ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. తర్వాత తెలిసింది, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ అని ఒక సెక్షనుంది. వాడకం కేసో, కొద్దిపాటి సరుకు కేసో ఉన్నవాడు కూడా తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికొచ్చి, దాన్ని పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు. ఇది ముందే తెలిసుంటే నాన్న అన్ని రాత్రులు గుమ్మంలో కూర్చునేవాడు కాదు.

విశాఖ ఆసుపత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని బయటకు పంపి, వాడితో ఒంటరిగా మాట్లాడింది. ఇంటర్ నుంచే రోజూ గంజాయి తాగుతున్నాడట. మా వంశంలో ఎవరికైనా ఇలా ఉందా అని అడిగితే అమ్మ తన తమ్ముడి పేరు చెప్పి ఏడ్చింది. కుటుంబంలో ఆ లక్షణం ఉండి, చిన్నవయసులోనే రోజూ గంజాయి పడితే మతి చెదిరే ప్రమాదం ఎక్కువని అప్పుడే తెలిసింది.

గంజాయి మానేసిన మొదటి వారం అన్నం ముట్టలేదు, ప్రతి మాటకీ కసిరాడు. మూడో వారం మూత్ర పరీక్షలో ఇంకా గంజాయి కనపడింది. నాన్న చెయ్యెత్తాడు. రోజూ తాగినవాళ్లకు వారాల తరబడి అలాగే కనపడుతుందని నర్సు అడ్డుపడింది. వాడు మళ్లీ తాగలేదు. నాన్న వరండాలోకెళ్లి చాలాసేపు రాలేదు.

మాటలు వినపడటం ఒక్కసారిగా పోలేదు. ముందు పలచబడి, తర్వాత రాత్రుళ్లకే మిగిలి, ఆపై ఆగింది. మాత్రలకు ఒళ్లొచ్చిందని మానేస్తానంటాడు. డాక్టరమ్మని అడక్కుండా మానొద్దని బతిమాలతాను. ఫ్యాను మళ్లీ బిగించాం. కెమెరా మీది ప్లాస్టరు ఇంకా ఉంది. తియ్యమని నేనడగలేదు.