మోటుపల్లి రేవులో కాలయాత్రికులు

మోటుపల్లికి వజ్రాల లోయను అంటగట్టి వెళ్లినవాడు పదమూడో శతాబ్దపు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో. ఆయన పుస్తకంలో ఈ రేవు పేరు ముత్ఫిలి. ఇక్కడి రాజ్యంలో కొండల మీద వానలు పడితే వాగులు వజ్రాలను కొట్టుకొస్తాయని, మనిషి దిగలేని లోయలున్నాయని, వాటి నిండా పాములేనని చెప్పాడు. జనం పైనుంచి మాంసం ముక్కలు విసురుతారట. వజ్రాలు వాటికి అంటుకుంటాయి. తెల్ల గద్దలు ఆ ముక్కల్ని పైకి ఎత్తుకొచ్చి తింటుంటే, జనం కేకలేసి తోలి వజ్రాలు ఏరుకుంటారట.

చినగంజాం ఉప్పుమళ్ల దగ్గర, కనుచూపు మేర ఇసుకా సముద్రమే ఉన్న చోటికి ఈ కథ ఎలా వచ్చి చేరింది? నేను ఒంగోలు వాణ్ణి. మోటుపల్లి 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్లేదాకా మా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదల్లేదు. చివరికి దాని మీద ఒక శ్రవ్య నాటకం రాశాను. భవిష్యత్తు నుంచి ఒక అక్కా తమ్ముడూ వజ్రాల లోయను వెతుక్కుంటూ మోటుపల్లి రేవులో దిగుతారు. ఇప్పుడు రికార్డింగ్ నడుస్తోంది.

వీడియో తీయొచ్చుగా అని స్నేహితులు అడుగుతున్నారు. డబ్బు లేకపోవడం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. బీబీసీ వాళ్ల 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌లో 1964లో మార్కో పోలో కథ ఏడు భాగాలుగా వచ్చింది. కాలయంత్రంలో తిరిగే నలుగురు ఆయన బిడారులో చిక్కుకుంటారు. తర్వాత ఆ ఏడు భాగాల బొమ్మ అంతా పోయింది. ప్రసారమవుతున్నప్పుడు ఇళ్లలో టేప్ రికార్డర్లలో శబ్దాన్ని పట్టుకున్న అభిమానుల పుణ్యమా అని, కథ వినడానికి మాత్రం మిగిలింది. గోబీ ఎడారిలో ఇసుక తుఫాను వచ్చే చోట నేను ఆడియో ఆపేసి మళ్లీ వెనక్కి వెళ్లి విన్నాను. ఆ ఇసుకను నేను చూడలేదు, కానీ కొత్తపట్నం ఒడ్డున మే నెల గాలికి లేచే ఇసుక అంతా కళ్ల ముందు లేచింది. వజ్రాల లోయను కూడా ఎవరికి వాళ్లే అలా కట్టుకోవాలి. గ్రాఫిక్స్‌లో చూపించామంటే అదొక గుంటగా మిగిలిపోతుంది.

అసలు పోలో పుస్తకమే చెవిన పడ్డ పుస్తకం. 1298లో జెనోవా చెరసాలలో ఆయన చెబుతుంటే తోటి ఖైదీ రుస్తికెల్లో రాసుకున్నాడు. అందుకే నాటకాన్ని ఆ చెరసాలలోనే మొదలుపెట్టాను: ఒక గొంతు, ఒక కలం గీత.

కాలయంత్రాన్ని ఏ సంవత్సరంలో దింపాలన్నది పెద్ద తలనొప్పి అయింది. ముత్ఫిలిని ఒక రాణి ఏలుతోందని, భర్త పోయాక నలభై ఏళ్లుగా న్యాయంగా పాలిస్తోందని పోలో రాశాడు. ఆ రాణి రుద్రమదేవే. కానీ ఆమె తనకు ముందు ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. పైగా చందుపట్ల శాసనాన్ని బట్టి ఆమె 1289 నవంబరుకే కన్నుమూసింది. పోలో చైనా వదిలి ఓడెక్కింది ఆ తర్వాతే. అంతకుముందు ఒకసారి వచ్చి ఉండొచ్చనేవాళ్లున్నారు, అసలు మోటుపల్లి చూడనే లేదనేవాళ్లూ ఉన్నారు. నేను 1289నే పట్టుకున్నాను. రాణి ఇక లేదన్న కబురు రేవుకు చేరిన రోజున మా అక్కా తమ్ముడూ దిగుతారు. ఏడుపుల మధ్య, సరంగుల నోళ్లలో, కూతురు భార్యగా మారిపోవడం వాళ్లు చెవులారా వింటారు. తమ్ముడు సరిదిద్దబోతాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపుతుంది.

వాళ్ల యంత్రం తుఫానులో దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఇక్కడ నాకు మోటుపల్లి శాసనం అక్కరకొచ్చింది. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన స్తంభ శాసనం అది. గాలివానకు పగిలి ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు. తాను అలా చేయనని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని ఆయన మాట ఇచ్చాడు. ముప్పైకి ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు అంటూ సరుకుల జాబితా కూడా చెక్కించాడు. ఆ జాబితాలో లేని సరుకుకు ముప్పయ్యో వంతు ఎలా కట్టాలో తెలియక సుంకరి రాత్రంతా యంత్రం చుట్టూ తిరుగుతాడు. నాటకం మొత్తంలో నాకు బాగా ఇష్టమైన పాత్ర ఈ సుంకరి. భయపడుతూనే రాజు మాట నిలబెడతాడు.

శబ్దాల సంగతికి వస్తే, బీబీసీలో బ్రయాన్ హాడ్జ్‌సన్ అనే ఆయన పాత పియానో తీగల మీద తాళంచెవి గీసి కాలయంత్రం చప్పుడు పుట్టించాడు. నేను చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. మాకు దగ్గర్లోని క్వారీలో బండను వైర్‌తో కోస్తారు. ఉక్కు తీగకు వజ్రపు పొడి అద్దిన పూసలు గుచ్చి ఉంటాయి. తీగ తిరగడం మొదలెట్టినప్పుడు లోతుగా ఒక మూలుగు వస్తుంది, నీళ్లు పోస్తుంటే అది చిటచిటలాడుతూ సన్నబడుతుంది. ఫోన్లో పట్టి, వేగం సగానికి తగ్గించి, వెనక నుంచి ముందుకు తిప్పాను. వజ్రాల కోసం వెళ్లే యంత్రం వజ్రాల గొంతుతోనే కదులుతుంది. ఇది విన్నవాళ్లకు తెలియకపోయినా నాకు తెలుసు, అది చాలు.

పోలో మెచ్చుకున్నది వజ్రాలను మాత్రమే కాదు. సాలెగూడు లాంటి పల్చటి బట్టలు ఇక్కడ నేస్తారని, ఏ రాజైనా రాణైనా కట్టుకోవచ్చని చెప్పాడు. చీరాల పక్కన జాండ్రపేటలో మా పిన్ని వాళ్లది మగ్గం ఇల్లు. నేత చప్పుడు కోసం వెళ్లి రికార్డ్ చేస్తుంటే పిన్నే ఆపింది.

"నువ్వు చెప్పే కాలంలో తాడు లాగే మగ్గం యాడుంది నాయనా? చేత్తోనేగా నాడె వేసేది. తాడు లాగితే టకీమని కొట్టుద్ది. చేత్తో వేస్తే జారుద్దంతే."

ఆమె మాటే నిజం. తాడు లాగి నాడెను, అంటే అడ్డపోగును మోసే కర్రను, విసిరే పద్ధతి 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టింది. పిన్ని మగ్గం గుంటలో కూర్చుని, తాడు వదిలేసి, కుడిచేత్తో నాడెను దారాల మధ్యకు పంపి ఎడంచేత్తో అందుకుంది. బట్ట మీద వేలు రాసినంత చప్పుడు. తర్వాత పోగును దగ్గరికి నెట్టే పలక ఒక్కసారి మెత్తగా ఆనింది. మైకును నాడెకు జానెడు దూరంలో పెడితే గానీ దొరకలేదు. ఆ చప్పుడు కిందే నేతగత్తె పాత్ర మాట్లాడుతుంది. ఆ పాత్రకు గొంతు కూడా పిన్నిదే. తిక్కన కాలపు జనం కదా, గ్రాంథికంలో మాట్లాడాలని ఒక మిత్రుడు పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. పిన్ని మాట్లాడినట్టే మోటుపల్లి మాట్లాడుతుంది.

లోయ నిజంగా ఉందా అని అక్క చివర్లో ఒక ముసలి వర్తకుణ్ణి అడుగుతుంది. గద్దల కథ మన దగ్గర పుట్టింది కాదు. పోలోకు దాదాపు 900 ఏళ్ల ముందే సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ ఇలాంటిదే రాశాడు, అందులో లోయ నల్లసముద్రానికి ఉత్తరాన ఉన్న సిథియాలో ఉంటుంది. కానీ వానకు వజ్రాలు తేలడం అబద్ధం కాదు. తొలకరి పడితే కర్నూలు వైపు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం ఇప్పటికీ తలలు వంచుకుని వెతుకుతూనే ఉంటారు. వర్తకుడికి ఈ రెండూ తెలుసు. ఏది చెప్పించాలన్న దాని మీద మాలో ఇంకా వాదన తెగలేదు. లోయ లేదని చెప్పించడానికి నేను మాత్రం ఒప్పుకోను. వర్తకుడి గొంతుకు సరిపోయే పెద్దాయన కోసం చూస్తున్నాను. ఒంగోలు చుట్టుపక్కల పాత రోజుల్లో స్టేజీ నాటకాలు వేసినవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే చెప్పండి, ఫోన్ పట్టుకుని నేనే వస్తాను.